ఫ్యాను పక్కన సాలెగూడు

పుస్తకాల గది. భర్త లాటిన్ మాటలకి తెలుగు అర్థాలు రాస్తున్నాడు. భార్య బూజుకర్ర పట్టుకుని స్టూలెక్కింది.

“ఇంకా పైన. అదిగో, ఫ్యాను పక్కన.”

“ఫ్యాను పక్కన ఏమీ లేదండీ. పొద్దుటి నుంచి ఇల్లంతా దులిపిస్తున్నారు. ఇంతకీ ఇవాళ ఏ మాట దగ్గరున్నారు, బూజు మీద పడ్డారు?”

“అరానియా. అంటే సాలీడు.”

“ఎక్కడి నుంచి వచ్చిందట?”

“గ్రీకులోనూ ఇలాంటి మాటే ఉంది. వాళ్ళ దగ్గర అరువు తెచ్చుకున్నారో, రెండింటికీ ఒకటే పుట్టిల్లో, పండితులింకా తేల్చలేదు. రెండో అర్థం సాలెగూడు.”

“పురుగుకీ గూటికీ ఒకటే పేరా?”

“ఏం, కూడదా?”

“ఎందుక్కూడదూ. మీరు బయట ఎవరేమడిగినా ‘మా ఇంట్లో కనుక్కుని చెప్తాను’ అనరూ? గోడల్నా మీరు కనుక్కునేది, నన్నేగా.”

“ఇదేదో బాగుందే. రాసుకుంటానుండు.”

“మూడో అర్థం?”

“అదంత ముఖ్యం కాదులే. అటు చూడు, కిటికీ మీదకి పోయింది.”

“ఏది, సాలీడా?”

“గూడు.”

“గూడు నడుస్తుందా అండీ?”

“గాలికి ఊగుంటుంది.”

“ఫ్యాను ఆపేసే కదా స్టూలెక్కాను. ఆ మూడోది చెప్పండి.”

“నీకెందుకే అది? ముందు దిగు, పడతావు.”

“చెప్తే దిగుతాను.”

“కంట్లో సన్నటి పొర ఒకటుంటుంది. పాతకాలం వైద్యులు దానికీ అదే పేరు పెట్టారు. చాలా?”

“ఎన్నాళ్ళ నుంచి?”

“వందల ఏళ్ళ నుంచి.”

“నేనడిగేది పేరు సంగతి కాదు.”

“...పండక్కి వచ్చిన చుట్టంలా అదే పోతుందనుకున్నాను.”

“పోలేదుగా. పదండి, కంటి డాక్టరుకి చూపిద్దాం.”

“వెళ్తే పుస్తకం ముట్టుకోవద్దంటాడు. నేనింకా మొదటి అక్షరం దగ్గరే ఉన్నాను.”

“వద్దంటే మీరు చెప్పండి, నేను రాస్తాను.”

“నీ కోడిగీతలు అచ్చువాళ్ళకి అర్థం కావొద్దూ. గోడ మీద గూడేగా, ఉంటే ఉండనీ. నాకేం అడ్డు?”

“సరే, స్టూలు దిగాను. గోడ వదిలేసి ఇటు, నా వైపు చూడండి.”

“చూస్తున్నాను.”

“ఇప్పుడెక్కడుంది?”

“ఎక్కడుంటేనేం.”

“చెప్పండి.”

“నీ మొహమ్మీద. నా చెప్పులెక్కడ పెట్టావు?”