దర్వాజ మీది గీతలు

గిదేం న్యాయం సార్, మీరే చెప్పుండ్రి. పసుపు మీరు తెచ్చిన్రు. కుంకుమ మీరు తెచ్చిన్రు. కొబ్బరికాయ మీ చేతులతోనే కొట్టిన్రు. మేనేజర్, గా ముదీర్ కాడికి పోయిన కాయితంల మాత్రం నా పేరు ఒక్కటే.

లేవకుండ్రి సుబ్బరాజు సార్. కూసోండ్రి. నేను లొల్లి చేసెటందుకు రాలే. చాయ్ తెచ్చిన, తాగుండ్రి. మనోళ్లంతా బయట అమెరికా సామాను బండ్లె ఎక్కిస్తున్నరు, ఎవ్వరు రారు లోపలికి. నన్ను ఎక్కియ్యద్దన్నరు. కార్పెంటర్ చెయ్యి పెట్టద్దని ముదీర్ హుకుం. ఈ గోదాంల తలుపుకు బిజాగరి ఊడినా నన్నే పిలుస్తుండె. నిన్నటి సంది ఆ సామాను పక్కకెల్లి నడిచినా తప్పే అయితున్నది.

ఏమో సార్, తప్పే కావచ్చు. తప్పు కాదని నేను అంటలేను.

అమెరికాకెల్లి కంటైనర్ దిగిన దినం మీరేమన్నరు? యాదికున్నదా? "వెంకట్రాములూ, వందేళ్ల నాటి అమెరికా సంసారం దిగిందయ్యా, పదిలం" అన్నరు. చలికాలం దుబాయ్ పెద్ద మాల్‌ల నుమాయిష్ పెడతరని, అప్పటిదాక మన గోదాంల ఉంచుతరని చెప్పిన్రు.

నేను అమెరికా అంటే మిషన్లతోనే పుట్టిందనుకున్న. పెట్టెలు ఇప్పితే ఏమున్నది లోపట? బొగ్గుల ఇస్త్రీపెట్టె. వెన్న చిలికే కట్టె డబ్బా. కందిలి. కాలుతోని తొక్కే కుట్టుమిషను. బట్టలు రుద్దే గరుకు చెక్క. ఇనుప పొయ్యి, దాని మసి దానికి అట్లనే ఉన్నది. మనోళ్లల్ల భూమేశ్ ఒక్కటే నవ్వుడు. "మామా, ఇది మా అవ్వ సామానే గదనే, దీనికి విమానం ఎందుకు" అని.

విమానంల కాదురా, పడవల వచ్చింది అన్న నేను. గంత పెద్ద దేశం గూడ ఒకప్పుడు బొగ్గులు ఊదుకుంటనే బతికిందా అని నాకు మస్తు ముచ్చటేసింది. ఎందుకో ధైర్యం గూడ అనిపించింది సార్.

ఒక ఫోటో ఉండె సూడుండ్రి, అద్దం కట్టింది. ఒక ఆడామె అంగీ చేతులు మోచేతుల దాక మడిచి, ఆ గరుకు చెక్క ముందట వంగి బట్టలు ఉతుకుతున్నది. మొకం ఎత్తి సూస్తున్నది, ఎవలో పిలిచినట్టు. ఆమె ఎనుక వంటింటి దర్వాజ.

గా దర్వాజనే సార్. ఇల్లు కూలగొట్టినప్పుడు ఎవలో ఊడదీసి దాసిన్రట. నాలుగు కట్టెలు, ఒక గడప, విడివిడిగ వచ్చినయి. జోడిచ్చి నిలబెట్టింది నేనే. ఒక్క మేకు కొట్టకుండ నిలబెట్టిన. సామాను ఎంట అమెరికాకెల్లి వచ్చిన మార్థా మేడం సూసి రెండు చేతులు జోడిచ్చి నమస్తే పెట్టింది నాకు. గదే మేడం సార్, నిన్న నేల మీద కూలబడ్డది.

ఆమె మొదటి దినం అందరికి తెల్ల గ్లౌసులు పంచింది. ఒక్కొక్క సామాను సూపెట్టుకుంట శానసేపు మాట్లాడింది. గప్పుడు మీరు మాకు తెలుగుల ఏం చెప్పిన్రు? "జాగ్రత్తగా పట్టుకోండి, పగలగొట్టకండి." గంతే. గంతసేపు మాట్లాడిందానికి గీ రెండు ముక్కలేనా అని భూమేశ్ అడిగిండు గూడ. అంతే పోవయ్యా అన్నరు మీరు. కడగద్దు, తుడవద్దు, మురికి గూడ తియ్యద్దని ఆమె చెప్పిందట గదా? అట అంటున్న. నిన్ననే తెలిసింది నాకు.

కాదు సార్, మిమ్ముల అంట లేను. మీకు ఫోన్లు, మీకు కస్టమ్స్ కాయితాలు. మరిచిపోయి ఉంటరు.

ఇగ దసరా. ఏటేట చేసుకునేదే గదా మనం. వడ్లోనికి దసరా అంటే ఉలికి, బాడిసెకు బొట్టు పెట్టుడే, వేరే పండుగ ఏమున్నది? ఫోర్క్‌లిఫ్ట్ చక్రాల కింద నిమ్మకాయలు పెట్టినం. మీరు పొద్దుగాలనే అల్ నహ్దాల మీ ఇంటికెల్లి వచ్చిన్రు, అమ్మగారు కట్టిచ్చిన పులిహోర డబ్బా, మామిడాకులు, పసుపు పొట్లం పట్టుకొని. మేడం అబుదాబి పోయింది. ముదీర్ రాలే. గోదాం మనదే ఆ పూట.

పూజ అయిపోయింది. ప్రసాదం పెడుతున్నరు. గప్పుడు మీరు ఆ దర్వాజ దిక్కు సూసి ఏమన్నరు సార్?

నేను మల్ల చెప్త, మీరు వినుండ్రి. "ఆ గుమ్మానికి బొట్టేదయ్యా వెంకట్రాములూ? పండగపూట గుమ్మం బోసిగా ఉండకూడదు." ఒక్క అచ్చరం పొల్లు పోలే గదా?

నాకు గూడ అదే మనసుల పడ్తుండె పొద్దటి సంది. దేశం ఏదైతేంది, గడప గడపే. ఒక ఆడామె ఏండ్లకేండ్లు దాటిన గడప అది. నాకు అట్లనే అనిపించింది. మీరన్నరు, నేను లేసిన.

ఎడమ పక్క కొయ్య మీద పెన్సిల్ గీతలు ఉండె. కిందికెల్లి మీదికి, ఒకదాని మీద ఒకటి. పక్కన ఏవో అచ్చరాలు, అంకెలు. నేనేమనుకున్న? ఎవడో పనితనం లేనోడు కొలతలు పెట్టుకొని, చెరపకుండ పోయిండు అనుకున్న. మా నాయిన అంటుండె సార్, పని అయినంక కట్టె మీద పెన్సిల్ గీత కనబడ్డదంటే ఆ పని కానట్టే అని. గా గీతల కోసం చిన్నప్పుడు నాకు ఎన్ని మొట్టికాయలు పడ్డయో. కట్టె మీద గీత కనబడితే నా చెయ్యి ఊకోదు. మీకు ఆఫీసుల కుర్సీ వంకరగ ఉంటే సరి చేస్తరు సూడుండ్రి, గట్ల.

సన్న గరుకు కాయితం తీసి రుద్దిన. నున్నగ అయ్యేదాక రుద్దిన. కొబ్బరినూనె పెట్టిన. గడపకు పసుపు రాసిన, బొట్లు పెట్టిన, మామిడాకులు కట్టిన. అందరం దండం పెట్టినం. మీరు గూడ పెట్టిన్రు. నిజం చెప్పాలంటే, ఈ గోదాంల నేను చేసిన పనులన్నిట్ల అదే మంచి పని అనిపించింది ఆ పూట.

మేడం నిన్న వచ్చింది.

ఆమె తిట్టలే సార్. తిడితే మంచిగుంటుండె. కొయ్య మీద చెయ్యి పెట్టింది, గ్లౌసుకు పసుపు అంటింది. కింద మీద తడిమింది, గుడ్డోళ్లు మొకం తడిమినట్టు. తర్వాత మెల్లగ నేల మీద కూసున్నది. నేను నీళ్లు తెద్దామని ఉరికిన. నీళ్లెందుకో నాకే తెల్వది.

ఎవలు చేసిన్రు అని అడిగింది. నేనే ముందుకొచ్చిన, దాగలే. నేను మీకు తెలుగుల ఏం చెప్పిన? "నేనే చేసిన. పండుగని సుబ్బరాజు సార్ గూడ బొట్టు పెట్టుమన్నడు. గీతలు కొలతలనుకున్న, మాకు దెల్వదు, మాఫ్ చెయ్యమను" అని చెప్పిన. మీరు ఇంగ్లీషుల ఏం చెప్పిన్రు? నాకు ఇంగ్లీషు రాదు సార్. గని "ఓన్లీ హిమ్" అంటే తెల్వనంత గొడ్డును గాదు. ఇన్నేండ్లు దుబాయ్‌ల ఉన్న.

ఆమె ఇంక ఏమేమో చెప్పింది. అది గూడ మీరు మాకు చెప్పలే. సాయంత్రం డ్రైవర్ ఖాదర్ హుస్సేన్‌ను అడిగి తెలుసుకున్న.

కొలతలే అట సార్. కట్టె కొలతలు కాదు. పిల్లల కొలతలు.

ఆ బట్టలు ఉతికే ఆమెకు ముగ్గురు పిల్లలట. పుట్టిన దినం వచ్చినప్పుడల్ల పిల్లను ఆ దర్వాజకు ఆనిచ్చి నిలబెట్టి, నెత్తి కాడ గీత పెట్టి, పక్కన పేరు, సాలు రాస్తుండెనట. ఇద్దరి గీతలు మీది దాక పోయినయి. చిన్నోని గీతలు మూడే. జొరమొచ్చి పోయిండట. వాల్టర్ అట వాని పేరు. వానికి ఫోటో లేదు, ఏం లేదు. ఆ మూడు గీతలే.

ఆ గీతలు నేను సూసిన సార్. నా తొడ కాడ ఉండె. మిగిలినయి రెండు రుద్దులకే పోయినయి. అన్నిట్ల, చిన్నోని మీది గీత ఒక్కటి పోలే. పెన్సిల్ గట్టిగ అద్దినట్టున్నది, కట్టెలకు దిగింది. ఆడ నేను కూసొని రుద్దిన. ఇదేంది ఇది పోతలేదు అని, ఇంకో కాయితం తీసుకొని, పట్టుపట్టి రుద్దిన.

ఎవల మీద సార్ నా పట్టు?

ఇయ్యాల పొద్దుగాల ఖాదర్‌ను ఎంటబెట్టుకొని మేడం కాడికి పోయిన. గీతలు మల్ల పెడత, ఒక పెన్సిల్ ఇయ్యమను అని అడిగిన. ఏది ఎక్కడుండెనో నాకు సరిగ యాదికి లేదు, గని ఏదో ఒకటి చెయ్యాలె గదా. ఆమె వద్దన్నట్టు తల ఊపింది. అంత పెద్దామె, నా భుజం మీద చెయ్యేసింది సార్. ఇంత పని చేసినోని భుజం మీద.

గప్పుడు మీ సంగతి చెప్పచ్చుండె. ఖాదర్ పక్కనే ఉన్నడు, ఒక్క మాట చాలు. నోటి దాక వచ్చింది, మింగిన. ఎందుకంటే నాకు అప్పుడే ఒకటి యాదికొచ్చింది. నేను గిప్పుడు వచ్చింది గూడ దానికే.

పసుపు పెట్టక ముందు మీరు ఆ దర్వాజ పక్కన నిలబడి ఫోటో తీయించుకున్నరు. మీ ఫోన్ నా చేతికిచ్చిన్రు. గీతల పక్కనే నిలబడ్డరు, కొయ్యకు చెయ్యి ఆనిచ్చి. అప్పటికి నేను రుద్దలే. గీతలన్ని ఉన్నయి ఆ ఫోటోల.

మేడం వచ్చే వారం పెద్ద కెమెరాతోని తీపిద్దామనుకున్నదట. ఇంక తీయలే. అంటే లోకంల ఆ గీతలు ఉన్నది మీ ఫోన్ల ఒక్క దాంట్లనే సార్.

గది ఇయ్యుండ్రి. నౌకరి అడుగుత లేను. ముదీర్ ఖలాస్ అన్నడు, టికెట్ అయింది, రేపు పంపుతరు, పంపనీ. మీ పేరు తియ్య. మీ మొకం కత్తిరిచ్చి ఇయ్యుండ్రి, నాకేం అక్కర లేదు. దొరికిందని చెప్పుండ్రి. మీరే ఆమె చేతికి ఇయ్యుండ్రి, మీకే పేరు రానియ్యి. ఆ తల్లి గీసిన గీత ఎంత ఎత్తుల ఉండెనో ఆమె సూసుకుంటది.

ఏది, ఫోన్ తియ్యుండ్రి సార్.

తియ్యుండ్రి.

ఏమైంది?

తీసేసిన్రా?

ఎప్పుడు? పండుగ దినమేనా?

నిన్ననా. నిన్న ఎప్పుడు సార్? మేడం రాకముందా, వచ్చినంకనా?

ఆమె నేల మీద కూసున్నప్పుడు మీరు ఆ మూలకు పోయి ఫోన్ ఒత్తుతుంటిరి. నేను సూసిన. డాక్టర్‌కు చేస్తున్నరేమో అనుకున్న.

సరే.

సరే, పోనియ్యుండ్రి. మిమ్ముల అని ఏం ఫాయిదా? మీకు పిల్లల బడి ఉన్నది, అమ్మగారు ఉన్నరు, ఇల్లు ఉన్నది. ఫోటోల మీరు నవ్వుకుంట నిలబడ్డరు, భయం కాదా? మీ జాగల నేనుంటే నేనూ ఒత్తుతుంటినేమో. నేను కాయితంతోని రుద్దిన, మీరు ఏలితోని రుద్దిన్రు. ఇద్దరం సాపు చేసినం. ఇగ ఆ పిల్లగాడు ఎక్కడ లేడు.

ఏడ్వకుండ్రి సార్. మొగోళ్లం. బయట మనోళ్లు ఉన్నరు.

ఇంటికి ఫోన్ చేసిన పొద్దుగాల. వస్తున్న అన్న. నా పెండ్లాం భూమవ్వ ఎందుకొస్తున్నవని గూడ అడగలే, సంబరపడ్డది. బిడ్డను పిలువుమన్న. నవతకు డిగ్రీల సీటు దొరికింది ఈ యేడే. ఎంత ఎత్తయినవ్ బిడ్డా అని అడిగిన. ఇదేం అడుగుడు నాయినా అని నవ్వింది. "అమ్మ కంటే ఎక్కువైన. ఇగ పెరుగుత లేను" అన్నది.

మా ఇంటి దర్వాజ నేనే చేసిన సార్, టేకు కట్టెతోని. దుబాయ్ రాకముందు చేసిన. అప్పుడు బిడ్డ పాకుతుండె. గీత ఒక్కటి లేదు దాని మీద. నున్నగ ఉంటది, మా నాయిన సూస్తే మెచ్చుకుంటుండె.

పోంగనే బిడ్డను దానికి ఆనిచ్చి నిలబెట్టి, పెన్సిల్‌తోని గీత పెడత.

ఒక్కటే పడతది సార్. కిందియన్ని నేను ఈడ ఉండంగనే దాటిపోయింది.