ఎర్ర గొడుగు వెనకాల

రాజధాని చూడ్డానికి వచ్చిన ఆ మొగుడూ పెళ్ళాలు ఒక పాత అపార్ట్‌మెంటు మూడో అంతస్తు మెట్ల మీద ఆగిపోయారు. పైన, ఎర్ర గొడుగు ముడుచుకుంటూ ఒకావిడ తలుపు దగ్గర నిలబడి ఉంది. పెళ్ళానికి అనుమానం అప్పటికే ముదిరిపోయింది.

“ఏమండీ, మన గైడు తాళం తీస్తోంది.”

“లోపలేదో చూపిస్తుంది. రాణీగారి గది అయ్యుంటుంది.”

“రాణీగారి గుమ్మంలో మూడు చక్రాల సైకిలుందండీ.”

“ప్రతిదానికీ వంకలు పెట్టకు. టూరు వాళ్ళు గైడు ఎర్ర గొడుగు వెనకాలే రమ్మన్నారు, వచ్చాం.”

“వాన పడుతుంటే ఎర్ర గొడుగు ఎవరైనా వేసుకుంటారు. మ్యూజియం దాటేసి కూరల కొట్లో దూరినప్పుడే నెత్తీనోరూ కొట్టుకుని చెప్పాను. మీరేమో క్యాబేజీలకి ఫొటోలు తీస్తూ కూర్చున్నారు.”

“వాటికేదో చరిత్ర ఉందనుకున్నానే.”

పైనున్నావిడ వీళ్ళ వైపు ఎగాదిగా చూసి, గబుక్కున లోపలికి వెళ్ళి తలుపేసుకుంది. గడియ పడిన చప్పుడు కింద దాకా వినిపించింది.

“అయింది రాణీగారి దర్శనం. ఇక పదండి కిందికి.”

“ఎలా దిగుతాం? ఓసారి వెనక్కి చూడు.”

ఆమె చూసింది. మెట్ల నిండా మనుషులు, మెడల్లో కెమెరాలు. అందరి కళ్ళూ ఆమె చేతిలోని గొడుగు మీదే ఉన్నాయి.

“ఎవరండీ వీళ్ళంతా?”

“గుంపులో నువ్వు తప్పిపోతావని, పొద్దున్న నీకూ ఎర్ర గొడుగే కొన్నాను కదా.”

“మీ తెలివి తగలెయ్య. ఇప్పుడు వీళ్ళకేం చెప్పను?”

“ముందు గొంతు సవరించుకో. ఆ సైకిలుతో మొదలుపెట్టు.”