బీఈడీ ఫారం కోసం సంతకం

"అత్తా, మీ రోజుల్లో ఎమ్మెస్సీ చదివినవాళ్ళు స్కూల్ టీచర్లు అవుదామనుకునేవాళ్ళా?"

అనుకోవడమా? ఆ మాటంటేనే నవ్వేవాళ్ళమ్మా. ఇలా రా, ఈ బఠాణీలు వలుస్తూ విను. చేతులూరికే పెట్టుకుంటే నాకు మాట సాగదు. ఎప్పుడంటావ్, తొంభై మూడు... కాదు కాదు, మీ నాన్న అప్పుడు పదో క్లాసు, అంటే తొంభై రెండు. ఈ మయూర్ విహార్ కాదులే, జనక్‌పురిలో ఉండేవాళ్ళం. మెట్రో లేదూ పాడూ లేదు, యూనివర్సిటీకి రెండు బస్సులు మారాలి. స్టూడెంటు పాసు పన్నెండున్నర, నెలంతా ఎక్కడికైనా తిరగొచ్చు. సరే, ఆ సంగతి అలా ఉంచు.

నాది కెమిస్ట్రీ, ఫైనలియరు. మా క్లాసులో సగం మంది సివిల్సు అంటూ రాజిందర్ నగర్ కోచింగులకి పరిగెత్తేవాళ్ళు. తక్కినవాళ్ళకి పీహెచ్‌డీ. అదీ ఇదీ కాకపోతే బ్యాంకు పరీక్ష. స్కూలు టీచరన్నది ఎవరి నోటా వచ్చేది కాదు. వస్తే ఎగతాళికే.

ఒకరోజు ఎడ్యుకేషన్ వాళ్ళ దగ్గర్నుంచి ఒకావిడ వచ్చింది, కాగితాల కట్ట పట్టుకుని. రీసెర్చి చేస్తోందిట. సైన్సు చదివే పిల్లలకి టీచరుద్యోగం మీద ఏం అభిప్రాయం ఉందో తెలుసుకోవాలిట. పేరు రాయక్కర్లేదు, టిక్కులు పెడితే చాలంది. మొదటి ప్రశ్న, ఉపాధ్యాయ వృత్తి గొప్పదేనా? అందరూ అవునని టిక్కు! ఆఖరి ప్రశ్న, మరి మీరు స్కూలు టీచరు అవుతారా? అందరూ కామని టిక్కు! చూశావా వేషాలు? నా పక్కన సునీత అని పంజాబీ పిల్ల, దాని కళ్ళెప్పుడూ నా కాగితం మీదే. నేనూ గబుక్కున కానని టిక్కు పెట్టేశా.

అప్పుడు నా బ్యాగులో ఏముందో తెలుసా? బీఈడీ ఫారం! ఆ పొద్దున్నే క్యూలో నిలబడి తెచ్చుకున్నది.

ఎందుకు తెచ్చుకున్నానూ అంటే, మా కింది వాటాలో పమ్మీ అని ఉండేది, ఏడో క్లాసు. సైన్సులో తప్పిందని వాళ్ళమ్మ నా దగ్గరికి పంపేది. ఆంటీ మంచిదే పాపం, పరాఠాలు పంపించేది, ఇంత వెన్న వేసి... ఆఁ, ఏం చెప్తున్నా? పమ్మీ. కొవ్వొత్తి వెలిగించి దాని మీద గ్లాసు బోర్లించి చూపించా. ఆరిపోయింది. పుస్తకంలో ఉన్న జవాబు చెప్పా. అది ఊరుకుందా? "అచ్ఛా దీదీ, మరి ఆ మంట ఎక్కడికెళ్ళింది?" అనడిగింది. ఎమ్మెస్సీ చదువుతున్నానన్న మాటే గానీ, దానికి అర్థమయ్యేలా చెప్పడానికి మూడు రోజులు పట్టింది. ఆ మూడు రోజులున్న సంబరం మా ల్యాబులో రెండేళ్ళలో ఒక్కనాడూ లేదు. ఇదే నా పని అని అప్పుడే తేలిపోయింది.

అంత తెలిసీ కానని టిక్కు పెట్టానా! ఒళ్ళు మండిపోయింది. ఆవిడ వెనకాల మెట్ల మీద పరిగెత్తా. "మేడమ్, నా కాగితం ఒకసారివ్వండి, మార్చుకుంటాను" అన్నా. ఆవిడ నవ్వి, "పేర్లు లేవు కదమ్మా, ఇందులో నీదేదో ఎలా తెలుస్తుంది?" అని వెళ్ళిపోయింది. తల కొట్టేసినట్టయింది. పేరు లేని కాగితం మీదే నిజం చెప్పలేనిదాన్ని, రేపు పిల్లల ముందు నిలబడి ఏం చెప్తాను? ఇక ఎవరడిగినా దాచేది లేదని అక్కడే, ఆ మెట్ల మీదే ఒట్టేసుకున్నా.

ఒట్టుదేముందీ, వేసుకోవడం తేలికే. ఆ ఫారంతో మార్కుల లిస్టు కాపీలు పెట్టాలి, వాటి మీద పెద్ద ఆఫీసరో ప్రొఫెసరో సంతకం చేసి ముద్ర వెయ్యాలి. మా ప్రొఫెసర్ దగ్గరికెళ్ళా. ఫారం చూసి, "ఏదీ రాకపోతే పనికొస్తుందనా?" అన్నారు. అవునండీ అంటే అయిపోయేది, చటుక్కున సంతకం పెట్టేవారు. "కాదు సార్, ఇదొక్కటే పెడుతున్నా" అన్నా. అంతే, మండిపడ్డారు. ఒక సైంటిస్టు సీటు పాడు చేశావు అన్నారు. కాగితాలు నా వైపు తోసేశారు.

ఇక మిగిలింది మీ తాత. నువ్వు చూళ్ళేదు ఆయన్ని. సెంట్రల్ గవర్నమెంటులో గుమాస్తా. వాళ్ళ పై ఆఫీసరు చేత సంతకం పెట్టించగలరు. కానీ మా అమ్మాయి సైంటిస్టవుతుందని ఆఫీసంతా టముకు వేసుకున్న మనిషి, ఎలా అడగను? అయినా అడిగా. భోజనం చేస్తుంటే పక్కన పెట్టా, మూడు కాపీలు. "బతకలేక బడిపంతులు అన్నారే పెద్దలు" అన్నారు. "బతకలేక కాదు నాన్నా, కావాలని అవుతున్నా" అన్నా. చెయ్యి కడిగేసుకుని లేచిపోయారు. సగం అన్నం కంచంలోనే ఉంది. మా అమ్మ నన్ను చూసిన చూపుంది చూశావూ, అబ్బో!

రెండు రోజులు ఆ కాగితాలు అక్కడే పడున్నాయి. ఆఖరు తేదీ ముంచుకొస్తోంది. మూడో రోజు పొద్దున చూస్తే కాపీలు లేవు, మార్కుల లిస్టూ లేదు. చించేశారేమోనని ఇల్లంతా వెతికా. చించినా సరే, మళ్ళీ తీయించి ఊళ్ళో ఆఫీసరన్నవాడి గుమ్మమల్లా ఎక్కుతా అనుకున్నా.

సాయంత్రం వచ్చారు. టిఫిన్ సంచీలోంచి కవరు తీసి నా చేతిలో పెట్టారు. సంతకాలున్నాయి, ముద్రలున్నాయి. "సైంటిస్టు అన్నావు కదయ్యా అని అడిగాడు మా ఆఫీసరు" అన్నారు. "మీరేమన్నారు నాన్నా?" "కాదు, స్కూలు టీచరవుతుంది అన్నా. సెక్షనంతా విన్నారు."

లెక్క చూస్తే ఆరు కాపీలున్నాయి. "మూడే కదా నాన్నా కావాలి?" అన్నా.

"ఈ ఏడు సీటు రాకపోతే వచ్చే ఏడు మళ్ళీ పెట్టద్దూ?" అనేసి, మొహం కడుక్కోడానికి వెళ్ళిపోయారు.

ఏడ్చానే. ఎందుకు దాచాలి, కవరు పట్టుకుని భోరున ఏడ్చా. సీటు మొదటి ఏడే వచ్చిందనుకో... నీకూ అలాంటి మనిషొకరు వెనకాల ఉండాలి తల్లీ. ఎవరూ లేకపోతే నేనున్నాగా. చల్లగా ఉండు, నీ మనసుకి నచ్చిన పనే చేసుకుంటూ... అరే, గింజలు కింద పడుతున్నాయి, చూసి వలువు.