ఉస్తీన్యా పిన్నికి తక్కువైన బట్టతల

ఒరే సావ్వా, ఇంట్లో కూడా ఆ టోపీ ఏమిట్రా? తియ్యి. తియ్యవూ? రేపు పెళ్ళి మాటలకి వెళ్ళి ఆ పిల్ల వాళ్ళ నాన్న ముందు కూడా ఇలాగే చెవులు మూసుకుని కూచుంటావా? జుట్టు రాలితే సిగ్గట! మన సోలోంబాల పేటలో ఒకప్పుడు బట్టతలకి ఎంత గిరాకీ ఉండేదో నీకేం తెలుసు. ముందు ఈ రొట్టె తిను. పైన బంగాళాదుంప వేడిగా ఉంది, నాలిక కాల్చుకునేవు. మా ఉస్తీన్యా పిన్ని, మా అమ్మ చెల్లెలు, ఇలాంటి రొట్టె చేస్తే వాసనకి పక్క వీధి కుక్కలు వచ్చేవి. నువ్వు పుట్టకముందే పోయిందిలే. అప్పట్లో అర్హాంగెల్స్క్ అంటే ఏమనుకున్నావు? రంపం మిల్లుల పొట్టు, చేపల కంపు. కాలిబాటలన్నీ చెక్కలే, ఈ చివర తొక్కితే ఆ చివర లేచి మూతి పగలగొట్టేది. వసంతంలో ద్వినా నది పొంగి ఇళ్ళ మీదికొస్తే మేం ఏడిచామనుకున్నావా? గుమ్మానికి పడవ కట్టుకుని, పాటలు పాడుకుంటూ చుట్టాలిళ్ళకి వెళ్ళేవాళ్ళం. ఎక్కడున్నానూ? ఆఁ, బట్టతల. దానికి ముందు గాలి సంగతి చెప్పాలి.

మగాళ్ళంతా ఉత్తరాన ముర్మాన్ తీరానికి చేపలకి పోయేవాళ్ళు. తెరచాప పడవలాయె, ఇంటికి రావాలంటే ఉత్తరపు గాలి వీచాలి. అదీ ద్వినా గడ్డకట్టేలోపు. అంతకు ముందేడు ఒక పడవ ఆలస్యమైంది. మంచు నలిపేసింది. వద్దులే, ఆ సంగతి. ఆ ఏడు పిన్నికి ప్రోఖోర్‌తో పెళ్ళి కుదిరింది. అందరి పడవలూ వచ్చాయి, అతనిది రాలేదు. దక్షిణపు గాలి ఎదురు కొడుతూనే ఉంది. ఒడ్డున నీళ్ళ మీద అప్పుడే మీగడ కట్టినట్టు మంచు. పిన్ని తిండి మానేయలేదు, ఏడవలేదు. కత్తి తీసుకుని పుల్ల చెక్కడానికి కూచుంది. ఎందుకంటావేమిట్రా, మీ అమ్మ నీకేమీ చెప్పలేదా? ఊళ్ళో బట్టతల వాళ్ళని ఒక్కొక్కరినే పేరు పెట్టి పిలుస్తూ పుల్ల మీద ఒక్కో గాటు. మూడు తొమ్మిదులు, అంటే ఇరవయ్యేడు నిండాక ఆ పుల్లని నదిలో వేస్తే గాలి తిరుగుతుంది. తిరిగేది! నవ్వకు.

ఆ ఏడు ఒక్క బట్టతల తక్కువైంది. పక్కింటి అన్ఫీసా, "మా వాడున్నాడుగా, రాసుకో" అంటూ కొడుకుని చెవి పట్టుకుని లాక్కొచ్చింది. పిన్ని గాటు పెట్టింది, పుల్ల వేసింది. తెల్లారేసరికి దక్షిణపు గాలి ఇంకా రెచ్చిపోయి అన్ఫీసా ఇంటి కప్పే లేపింది! అప్పుడు తెలిసింది, వాడికి పేలు పడితే గొరిగించిందిట. "గుండుకీ బట్టతలకీ తేడా తెలీదుటే నీకు? గాలికి తెలుసు!" అని పిన్ని వీధిలో నిలబెట్టి కడిగేసింది.

ఆ సాయంత్రమే మిల్లు క్లబ్బులో ఉపన్యాసం. మూఢనమ్మకాల మీద. లెనిన్‌గ్రాద్ నుంచి వెనియామిన్ అని ఒక కుర్రాడు వచ్చాడు, బొచ్చు టోపీతో. ఆడవాళ్ళమంతా వెళ్ళాం, అక్కడ పొయ్యి వెచ్చగా ఉంటుందని. "పౌరులారా! పుల్ల వేస్తే గాలి వస్తుందా? గాలికి కారణం పీడనం!" అంటున్నాడు. చెమట కారుతోంది, టోపీ మాత్రం తియ్యడు. పిన్ని లేచింది. "కామ్రేడ్, పుల్లకి భయపడేవాళ్ళు వెర్రివాళ్ళు, అంతేనా?" "అంతే!" "మరి మీరు దేనికి భయపడి టోపీ తియ్యట్లేదు?" హాలంతా ఘొల్లుమంది. మా అక్క గ్లాఫీరా అయితే బెంచీ మీంచి కింద పడింది. అతను కోపంతో టోపీ లాగేసి బల్లకేసి కొట్టాడు. అబ్బ! తోమిన ఇత్తడి సమోవారే! అంత చిన్న వయసులో, దేవుడిచ్చిన బట్టతల! పిన్ని దగ్గరికెళ్ళి తడిమి మరీ చూసింది. ఒకసారి మోసపోయిందిగా. "గొరిగించింది కాదుగా? ఒట్టు?" అతను బిక్కచచ్చి, "కాదండీ, మా నాన్నకీ ఇంతే" అన్నాడు. "పూర్తి పేరు చెప్పు నాయనా!" కత్తీ, ఇరవయ్యారు గాట్లు పెట్టిన కొత్త పుల్లా జేబులోనే ఉన్నాయి. ఉపన్యాసం గాలికి వదిలేసి అందరం నది ఒడ్డుకి పరుగు!

మూడో పొద్దుకి ఉత్తరపు గాలి. ప్రోఖోర్ పడవ మంచు పెళపెళలాడించుకుంటూ వచ్చింది, గెడ్డాలకి కూడా మంచే. రేవులో వెనియామిన్ పీడనం పీడనం అంటూనే ఉన్నాడు. పిన్ని సంగతంతా చెప్పగానే ప్రోఖోర్ అతన్ని ఎత్తి పట్టుకుని ఆ నెత్తి మీద ముద్దు పెట్టాడు, పెద్ద చేప చేతిలో పెట్టాడు. ఆ చేప వండిపెట్టడానికి మా గ్లాఫీరాక్క వెళ్ళింది. వెళ్ళింది వెళ్ళినట్టే ఉండిపోయింది! అవునురా, ఆ గ్లాఫీరాయే. మీ ముత్తవ్వ. ఇప్పుడర్థమైందా నీ తల ఎవరిదో? ఏటేటా పడవలొచ్చే వేళకి పిన్ని కబురు పెడితే మా వెనియామిన్ బావ వచ్చి రేవులో నెత్తి చూపించి కూచునేవాడు. "ఉస్తీన్యా గారూ, ఇది శాస్త్రం కాదు" అంటూనే. పిన్ని పోయిన ఏడు కూడా వచ్చాడు. ఎవరూ పిలవలేదు. ఒక్కడే కూచున్నాడు, అంత చలిలో, టోపీ ఒళ్ళో పెట్టుకుని...

ఊఁ.

వంచు. తల ఇంకా వంచు. బాగానే ఉంది. రేపు ఆ టోపీ ఇక్కడే పెట్టి వెళ్ళు. ఇంకో రొట్టె వెయ్యనా?