సీసా మీద సుద్దగీత

ఆ కవరు అట్లే మూసి పెట్టు జననీ. ఏం గింజలవి, సీతాఫలం గింజలేనా? మిక్సీలో వేసి పొడి చేస్తావా? వద్దు మా, వద్దు. ముందు కూర్చో. కుక్కని ఆ కిటికీ కమ్మీకి కట్టు. పేరేమి దీనిది, లడ్డూనా, బాగుంది. చెవులనిండా గోమార్లే గదా, పావం. రక్తం తాగే ఈ పురుగుల్ని మీరు అరవంలో ఉణ్ణి అంటారు, మాకు గోమార్లు. షోళింగనల్లూరు నుంచి పెరంబూరికి ఇంత దూరం దీన్ని ఆటోలో పెట్టుకోని వచ్చినావే, ఆడ డాక్టర్లు లేరా? ఉన్నారు, పోయినావు గూడా. ఏదో చుక్కల మందు దీనికి పడలా, రెండు దినాలు తిండి ముట్టలా, అదే గదా చెప్తా ఉండావు. అప్పురం మీ అవ్వ చెప్పిందంట, పెరంబూరులో అమ్మణక్క దగ్గర చిన్నాయన ఆకుమందు కాగితం ఉంటాది, పోయి అడుగు అని. అలివేలే చెప్పిందా? దాని నోటితోనే చెప్పిందా? సెరి. సెరి, నీళ్ళు తాగు.

కాగితం యాడికీ పోలా, బీరువాలో ఉంది. మందు గూడా ఉంది. ఈ వీధిలో తిరిగే ఆవులకి పూస్తా ఉంటా గదా నేను, ఒక సీసా ఎప్పుడూ కలిపి పెట్టుంటా. అమ్మకి వేరే పని లేదని మా వాడు నవ్వుతాడు, నవ్వుకోనీ. అయితే దాంట్లో సీతాఫలం గింజ లేదు. ఒక్కటి గూడా లేదు. ఎందుకు లేదంటే అది పెద్ద కత. కోదండం చిన్నాయన తెల్సా నీకు? పేరు విన్యావు. మా నాయనకి తమ్ముడు. మీ అవ్వకీ నాకూ చిన్నాయన, నీకు ముత్తాత వరస. మీ అమ్మ చిన్నపిల్లగా ఉన్నప్పుడే పోయినాడు. ఈ పెరంబూరు రైల్వే వర్క్‌షాపులోనే ఫిట్టరు. సన్నంగా, పొడుగ్గా, చెవి సందున ఎప్పుడూ ఒక సుద్దముక్క. ఇనుము మీద గీత గీసి కోసేది గదా వాండ్ల పని, ఆ అలవాటు ఇంటికి గూడా తెచ్చేసినాడు. ఎవురు ఏం చెప్పినా ‘కొలిచినావా’ అంటాడు. చారులో ఉప్పు ఎక్కువైందని మా అమ్మ అనుకుంటా ఉంటే, ‘ఎంత వేసినావు వదినా, కొలిచినావా’ అంటాడు. మా అమ్మకి ఒళ్ళు మండేది. ‘నీ పెండ్లాం వస్తాది గదా నాయనా, దాని చేత కొలిపించుకో’ అనేది. పెండ్లామే రాలా. అది అప్పురం చెప్తా.

అప్పుడు ఈ అపార్ట్‌మెంటు యాడుంది? ఇదే చోట పెంకుటిల్లు, వెనక కొట్టం. కొట్టంలో ఒక ఆవు. చుక్క దాని పేరు, ఎర్రావు, నుదుటి మీద తెల్ల బొట్టు. మద్రాసులో అప్పుడు వీధికి నాలుగిండ్లలో ఆవులుండేవి, చెప్తే నమ్మవు నువ్వు. వానలు పడినాయంటే చాలు, గోమార్లు. చెవిలో, పొదుగు కింద, తోక మొదట్లో, ఆముదం గింజల మాదిరి ఉబ్బి వేలాడతా ఉండేవి. పాలు తగ్గిపోతాయి, జ్వరమొస్తాది, ఆవు ఎముకలు తేలిపోతాది. మందంటే అప్పుడు ఏదో తెల్లపొడి అమ్మేవాండ్లు. పక్కింటి జయరామన్ వాండ్ల నాయన ఆ పొడి తెచ్చి వాళ్ళ ఆవుకి చల్లినాడు. దూడ పోయి తల్లిని నాకింది. మధ్యాన్నానికి కాళ్ళు కొట్టుకోని చచ్చిపోయింది. ఆ ఇంటి ముసలామె దూడ తల ఒళ్ళో పెట్టుకోని ఏడ్చిన ఏడుపు ఇంకా నా చెవిలో ఉంది. చిన్నాయన గోడ ఈతల నిలబడి చూసినాడు. మరుసటి దినం పని నుంచి అట్లే జార్జి టౌన్ పోయి, నాటుమందుల కొట్లో ఒక మూట కట్టించుకోని వచ్చినాడు. వేపగింజలు, వావిలాకు, పొగాకు కాడలు, సీతాఫలం గింజలు.

ఇంగొకరైతే ఏం చేస్తారు, అన్నీ కలిపి దంచి పూసేస్తారు. ఈయన అట్ల కాదు. చుక్క ఎడమ డొక్క మీద సుద్దతో చదరం గీస్తాడు, ఇట్ల జానెడు, అట్ల జానెడు. కుడి డొక్క మీద గూడా అంతే చదరం. లోపల గోమార్లు ఎన్ని ఉన్నాయో లెక్క పెడతాడు. నన్ను పిలిచి మళ్ళీ లెక్క పెట్టమంటాడు, ఇద్దరి లెక్కా కుదరాల. ఎడమవైపు మందు, కుడివైపు ఉత్త నీళ్ళు. ‘ఉత్త నీళ్ళు ఎందుకు చిన్నాయనా’ అంటే, ‘అమ్మణీ, మందుకే రాలినాయా, తడికి రాలినాయా అని తెలవాల గదా’ అన్నాడు. ఎనిమిదో క్లాసు దాటని మనిషి. నాకప్పుడు పదకొండేండ్లు, ఆయన నన్ను ఒక మనిషిగా పెట్టుకోని లెక్క అడిగేవాడు, నాకు అదే పెద్ద గొప్ప. ఒక్కో ఆకూ ఒక్కో వారం చూసినాం. వేపగింజల నీళ్ళకి మూడు దినాల్లో సగం రాలినాయి. పొగాకుకి ఆవు చొంగ కార్చుకోని తూలింది, దాన్ని ఆ దినమే మానేసినాడు. సీతాఫలం గింజలు దంచి, నానబెట్టి, పంచెగుడ్డలో వడగట్టి పూస్తే మరుసటి సాయంత్రానికి ఎడమవైపు చదరంలో ఒక్కటీ లేదు. కుడివైపు ఇరవై మూడుకి ఇరవై ఒకటి అట్లే ఉన్నాయి. ఆ దినం ఆయన మొగం చూడాల నువ్వు. జయరామన్ వాండ్లని పిలిచి చూపించినాడు, వీధిలో ఆవులున్న వాండ్లందర్నీ పిలిచినాడు.

కానీ ఆ గింజ కంటికి శత్రువు. అది చిన్నాయనకి తెల్సు, కొట్లో చెప్పే పంపించినారు. పూసే ముందు చుక్క కండ్లకి తడి తుండుగుడ్డ రెండు చుట్లు చుట్టి కట్టేవాడు. పూసినాక మోచేతుల దాకా సీకాయతో కడుక్కునేవాడు. మందు ఒక గాజు సీసాలో పోసి కొట్టం దూలం మీద పెట్టేవాడు. పెట్టేముందు, మందు ఎంత వరకు ఉందో ఆడ సీసా మీద సుద్దతో గీత గీస్తాడు. ‘ఇంగొకరి చెయ్యి పడితే ఈ గీత చెప్తాది’ అనేవాడు. నన్ను కూర్చోబెట్టి మూడుసార్లు చెప్పినాడు, దాన్ని ముట్టొద్దు అమ్మణీ అని. నేను తల ఊపినా. కొంచెం ఆ కుక్కకి నీళ్ళు పెట్టు, నాలుక బయటికి పెట్టేసింది.

యాడ ఉండినా? ఆఁ, అలివేలు. దానికప్పుడు ఐదేండ్లు. ఉంగరాలు తిరిగిన జుట్టు, నడుం దాకా. ఆ జుట్టు నిండా పేండ్లు. ఇస్కూల్లో టీచరమ్మ ఇంటికి పంపించేసింది, తల శుభ్రం చేసినాకే రమ్మని. మా అమ్మకి తలకొట్టేసినట్టైంది. ‘ఆదివారం మంగలిని పిలిపించి గుండు కొట్టిస్తా’ అనేసింది. అలివేలు అన్నం తినకుండా ఏడుస్తా నా వెనకే తిరిగింది, అక్కా గుండు వద్దని చెప్పక్కా, చెప్పక్కా అని. అప్పురం నాకు ఒక తెలివి పుట్టింది. గోమార్లు చచ్చే మందుకి పేండ్లు చావవా? చిన్నాయన పనికి పోయినాడు, అమ్మ రేషనుకి పోయింది. పీట వేసుకోని దూలం మీద సీసా తీసినా. గిన్నెలో రెండు వేళ్ళ మందం పోసుకోని, చెల్లెల్ని కొట్టంలో కూర్చోబెట్టి, కుదుళ్ళకి రుద్ది రుద్ది పూసినా. గుడ్డ గూడా కట్టినా, తలకి. కంటికి కాదు, తలకి. చిత్తిరై నెల ఎండ, చెమట పట్టింది. చెమటతో మందు కారి కంట్లోకి పోయింది, అలివేలు చేత్తో నులుముకునింది.

ఆ అరుపు నేను చెప్పలేను. నీళ్ళు కొట్టినా, మళ్ళీ కొట్టినా. కొంచెం సేపటికి తగ్గిందనింది. అప్పుడు నేను అన్న మాట ఒకటుంది జననీ. ‘అమ్మకి చెప్తే గుండు కొట్టిస్తాది, చెప్పొద్దు’ అన్నా. ఐదేండ్ల బిడ్డ, రెండు దినాలు చెప్పలా. కంట్లో దుమ్ము పడిందని, నొప్పి లేదని, దిండులో మొగం పెట్టుకోని పడుకునింది. మూడో దినానికి కన్ను తెరవలేకపోయింది, అప్పుడు ఎత్తుకోని ఆసుపత్రికి పరిగెత్తినారు. కుడికన్ను దక్కింది. ఎడమకంట్లో పువ్వు పడిపోయింది. ఏదో ఘాటు మందు కంట్లో పడింది, మొదటి దినమే తెచ్చుంటే బాగుండేదని డాక్టరు మా నాయనతో అన్నాడు. నేను ఆ పక్కనే ఉండినా.

ఆ సాయంత్రం నాయన కొట్టంలో నిలబడి అరుస్తా ఉండాడు, సీసా ముట్టింది ఎవురని. ఆయన అట్ల అరవడం నేను అంతకుముందు చూడలా. చిన్నాయన దూలం మీద సీసా దించినాడు. గీత ఒక చోట ఉంది, మందు దానికి రెండు వేళ్ళు కింద ఉంది. గీత చూసినాడు. తల ఎత్తి నన్ను చూసినాడు. నేను చేతులు పావడాలో చుట్టుకోని నిలబడుండినా. ఆ చూపులో కోపం ఉంటే బాగుండేది, లేదు. బొటనవేలితో ఆ గీత చెరిపేసినాడు. నిదానంగా, ఇనుము మీద తప్పు గీత చెరిపేది మాదిరి. అప్పురం నాయన వైపు తిరిగి, ‘నేనే అన్నా. ఆ దినం పొద్దున తొందరలో బిరడా పెట్టకుండా కింద పెట్టి పోయినా. బిడ్డ ఆడుకుంటా తల మీద పోసుకునుంటాది’ అన్నాడు. నేను నోరు తెరవలా. తెరిచి చెప్పేదానికి ఒక్క నిమిషం ఉండింది, ఆ నిమిషం పోయింది.

నాయన చెయ్యి చేసుకోలా, అంతే. ఆ నెలలోనే చిన్నాయన చుక్కని తోలుకోని అయనావరంలో ఒక బాడుగ గది చూసుకున్నాడు. నాయన బతికినన్నాళ్ళు ఆ గది గడప తొక్కలా. చిన్నాయనకి సంబంధాలు చూస్తే, బిడ్డ కన్ను పోగొట్టినోడికి పిల్లనిస్తామా అన్నారు. మా వాండ్లలో మాట ఎంత దూరం పోతాదో నీకు తెలవదు. చుట్టుపక్కల ఆవులోళ్ళ కొట్టాల్లో సుద్దతో చదరాలు గీసుకుంటానే ఉండినాడంట. సీతాఫలం లేకుండా పని చేసేది కావాలని. వేపగింజ ఎంత, వావిలాకు ఎంత, అతుక్కునేదానికి కుంకుడు నీళ్ళు ఎంత, పదకొండేండ్లు పట్టిందంట కుదిరేదానికి. నాకెట్ల తెల్సంటావా? మీ అవ్వ చెప్పింది. ప్రతి ఆదివారం అన్నం క్యారియరు పట్టుకోని ఆయన దగ్గరికి పోయేది అదే గదా. కన్ను పోయింది దానికి, అన్నం పెట్టింది అది. నేను పోలా. పెండ్లైంది, బిడ్డలు, ఇల్లు, అని ఏందేందో చెప్పుకున్నా. నిజానికి ఆయన మొగం చూసేదానికి నాకు భయం.

ఆయన పోయిన దినం అలివేలు ఒక కాగితం తెచ్చి నా చేతిలో పెట్టింది. ‘ఇది అమ్మణికి ఇయ్యి అన్నాడక్కా’ అనింది. ఇదే, చూడు, మడతల్లో చినిగిపోయింది. కొలతలన్నీ రాసినాడు. అన్నిటికన్నా పైన ఒక్కటి రాసినాడు, ముందు కండ్లు కట్టాల అని. ‘ఇంకేమైనా చెప్పినాడా’ అని అడిగినా. లేదనింది. ‘నువ్వేమైనా చెప్పినావా ఆయనకి’ అని అడిగినా. ‘ఏం చెప్పాలక్కా’ అనింది, ఆ ఒక్క కంటితోనే నన్ను చూస్తా. దానికి జ్ఞాపకం ఉందో లేదో నాకు ఈనాటికీ తెలవదు. అరవై ఏండ్లు దాటింది, అది ఒక్క మాట అనలా, నేను ఒక్క మాట అడగలా. మీ ఇంట్లో కూడా చిన్నాయన మందు వల్లే అవ్వ కన్ను పోయిందనే చెప్పుంటారు నీకు. కాదు మా. నేను. ఆయన చెయ్యి దాంట్లో లేనే లేదు. ఆయన బతికుండగా ఇది చెప్పుంటే ఒక్క పెండ్లన్నా అయ్యుండేది ఆయనకి. ఎవురితోనూ చెప్పలా ఇంతవరకూ, నీతోనే.

అట్ల చూడొద్దు. లే, కుక్కని పట్టుకో. ఆ తుండుగుడ్డ తడిపి ఇట్ల ఇయ్యి. కండ్లు నేను కడతా, నీకు రాదు. ఊరుకో లడ్డూ, ఊరుకో, అయిపోయింది. మెడ నుంచి వెనక్కి పూస్తా రా, చెవి లోపలికి పోనియ్యొద్దు, పైపైన. అంతే. ఆ గింజల కవరు ఈడే పెట్టి పో, నేను చూసుకుంటా. చెయ్యి కడుక్కో. మోచేతుల దాకా.

ఇప్పుడు ఆ ఫోను తీసి మీ అవ్వకి కలుపు. ఈడ పెట్టు, నా చెవి దగ్గర. అలివేలూ, నేనే, అక్కని. ఆఁ, బిడ్డ ఈడే ఉంది. కాగితం చూపించినా. అలివేలూ, ఆ దినం చిన్నాయన సీసా... ఏమీ లేదు. పూసేసినాం అంటా ఉండా. ఆఁ, కట్టినాం. కండ్లు కట్టినాకే పూసినాం. నేనే కట్టినా అలివేలూ, రెండు చుట్లు.