బెడ్డు ఏడవదు

అక్కలారా, చెల్లెళ్లారా, డాక్టరుగార్లూ, డ్యూటీ దిగి బట్టలైనా మార్చుకోకుండా వచ్చిన నా తోటి నర్సులారా! మన కుర్చీ అక్క పోయింది. మనమంతా ఒక్కచోట తీరిగ్గా కూర్చుంటే చూడాలని ఆమెకు ఎంత ఆశ! ఇవాళ కూర్చున్నాం. చూడటానికి ఆమె లేదు. అయినా ఈ సభలో నవ్వొస్తే ఆపుకోకండి. ఆమెను తలుచుకుంటే నాకు ముందు నవ్వే వస్తుంది.

ఆమెకు ఆ పేరెలా వచ్చిందో కొత్తవాళ్లకి తెలియాలి. కాన్పుల వార్డులో అప్పట్లో ముగ్గురి పని ఒకరం చేసేవాళ్లం. నిలబడి తినేవాళ్లం, నడుస్తూ కునికేవాళ్లం. ఒకరోజు మాలో ఒకమ్మాయి వచ్చి, "ఏడో బెడ్డు మళ్లీ ఏడుస్తోంది, దానికిదే పని" అంది. ఆ అమ్మాయి మనసు లేనిదా? కాదు. అలిసిపోయింది, అంతే. అక్క తిట్టిందా? లేదు. స్టోరు గదిలోంచి చెయ్యి విరిగిన ప్లాస్టిక్ కుర్చీ లాక్కొచ్చి వేసింది. "బెడ్డు ఏడవదే తల్లీ, మనిషి ఏడుస్తుంది. నీకు మనిషి కనపడటం లేదంటే ఒంట్లో ఓపిక అయిపోయిందని. కూర్చో" అంది. చేతిలో టీ పెట్టి, తనే వెళ్లింది. ఆ తల్లి పొద్దుటి నుంచి మొత్తుకుంటున్నది ఒక్కటే, బిడ్డ పాలు తాగడం లేదని. బిడ్డ ఒళ్లు చల్లబడుతోంది. అక్క బిడ్డను తల్లి గుండెకు ఆనించి, దుప్పటి కప్పి, డాక్టరును పరుగు పెట్టించింది. ఆ బిడ్డ ఇప్పుడు మనిషంత మనిషై వెనక వరసలో కూర్చుంది.

అప్పటినుంచి వార్డులో అదే చట్టం. నోట నంబరు వచ్చిందా, కుర్చీ ఎక్కాల్సిందే. ఒకసారి పెద్ద డాక్టరుగారు, "మూడో బెడ్డు ఎలా ఉంది?" అన్నారు. "బెడ్డుకి స్క్రూ ఊడింది సార్, తల్లి మాత్రం బాగుంది" అని అక్క కుర్చీ చూపించింది. ఆయన కోపంగానే కూర్చున్నారు. కూర్చున్నవారు కూర్చున్నట్టే గురక! వార్డులో పిల్లలందరూ లేచారు గానీ ఆయన లేవలేదు. సార్, తల దించుకోకండి, ఊరందరికీ తెలిసిన సంగతే.

మరి అక్క అలిసిపోలేదా? ఒకరోజు ఆమె నోటే "రెండో బెడ్డు" అని వచ్చేసింది. వార్డంతా ఆగిపోయింది. మేం కుర్చీ జరిపాం. నవ్వుతూ కూర్చుంది, కూర్చుని ఏడ్చింది. లేచాక ఏం చేసిందో తెలుసా? ఆ కుర్చీని మోసుకెళ్లి సూపరింటెండెంటుగారి గుమ్మానికి అడ్డంగా వేసుకుని కూర్చుంది. "అలసటకి కుర్చీ మందు కాదు సార్, మనుషులు కావాలి" అంది. ఇంకో ఇద్దరు నర్సుల్ని ఇస్తేగానీ ఆయన్ని భోజనానికి కదలనివ్వలేదు. ఇంట్లో మాత్రం ఆమెను కూర్చోబెట్టడం బావగారి తరం కాలేదట!

ఆమె రిటైరయ్యాక ఆ ఇద్దరినీ వేరే వార్డుకి మార్చారు. కుర్చీ మీద ఫైళ్లు పేర్చారు. నిన్న నా చెవులారా విన్నాను, "ఐదో బెడ్డు" అని. అలా అన్న పిల్లని తప్పు పట్టను. పెద్దలారా, ముందు ఆ ఫైళ్లు తీయించండి. తర్వాత ఆ ఇద్దరినీ వెనక్కి పంపండి. లేదంటే మీ గుమ్మం ఎక్కడుందో మాకూ తెలుసు.

ఇప్పుడు అందరం లేచి, ఆమె కోసం కాసేపు మౌనంగా నిలబడదాం. ఒక్క మాట. డ్యూటీ నుంచి సరాసరి వచ్చినవాళ్లు లేవకండి. మిమ్మల్ని నిలబెడితే అక్క ఊరుకోదు. మీరు కూర్చోండి తల్లీ, మీ తరఫున మేం నిలబడతాం.