నడిచే బండి మీద ఛత్రి

బోధన్ బస్టాండు కాడ రూతమ్మ ఛాయ్ హోటలు. ఆమె పెనిమిటి జయరాజ్ ఇండ్ల మీద టీవీ డిష్ ఛత్రీలు బిగిస్తడు. రెండువేల ఐదు ఎండకాలంల ఓ వ్యాన్ కిరాయికి తెచ్చి, సీట్లు తీసి పరుపులేసి, ఇంటిల్లిపాది మూడు దినాలు శ్రీరాంసాగర్ దిక్కు తిరిగొచ్చిండ్రు. వ్యాన్ మీద ఇంటి ఛత్రి కట్టి, బ్యాటరీతోని టీవీ పెట్టిండు జయరాజ్. వచ్చినకాడికెల్లి రోజూ గదే ముచ్చట.

"జక్రాన్‌పల్లి కాడ బండి ఆపిన నర్సన్నా. బొమ్మ అద్దంలెక్క వచ్చింది."

"ఆగినప్పుడు వస్తది తియ్యి," అన్నడు రోజూ ఛాయ్‌కొచ్చే నర్సన్న.

జయరాజుకు పౌరుషమొచ్చింది. "ఆగినప్పుడా? ఛత్రి కింద సైకిల్ చక్రం బిగించిన. బండి అటు మల్లితే ఛత్రి ఇటు మల్లుతది. వెనక వచ్చే బస్సోడు మా టీవీల క్రికెట్ సూస్కుంట ఆర్మూర్ల ఆపుడే మర్సిండు! దిగేటోళ్లు గూడ 'మేం దిగం' అన్నరు. ఆ తర్వాత ఏమైందో ఎర్కనా?"

"ఏమైంది?"

చెప్పవోయి జయరాజ్ ఆగిండు. మూలకు కూసున్న ముత్యం నవ్వుతలేడు. చెరుకు రైతు ముత్యం, చేతుల గ్లాసు సల్లారినా తాగుతలేడు.

"నిజంగ నడిచే బండ్ల వస్తదా జయరాజ్?" అన్నడు. "రేపు పొద్దుగాల మా అవ్వ ఈరవ్వను పట్నం దవాఖానకు వ్యాన్ల తీస్కపోవాలె. తుంటి బొక్క ఇరిగింది. లేసి కూసుంటే ఇంకింత జరుగుతదన్నడు డాక్టర్. టీవీ నడిస్తే గని మా ఈరవ్వ కదలకుంట పండదు. నిన్ను అడుగుదామనే వచ్చిన."

'రాదు' అందామనుకున్నడు జయరాజ్. అందరూ తన మొకమే సూస్తున్నరు. నోరు దానంతటదే నడిసింది.

"రాకేం అన్నా! ముప్కాల్ కాడ గాలికి ఛత్రి ఊడి పతంగిలెక్క పైన ఎగిరింది. వైరు పట్టుకొని బండి నడిపిన. బొమ్మ ఇంకా సాఫైంది! వార్తలు సదివే ఆమె సదువుడు ఆపి, 'జయరాజుగారూ, మెల్లగ పోండి' అన్నది!"

నర్సన్న పడి పడి నవ్విండు. ముత్యం మాత్రం, "అయితే పొద్దుగాల ఆరింటికి రా," అని లేసిండు. జయరాజుకు అప్పుడు తోచింది: నడిమిట్ల బొమ్మ పోయి ఆ ముసలమ్మ లేసి కూసుంటే?

పొయ్యి కాడికెల్లి రూతమ్మ ఇవతలికొచ్చింది. ఇన్ని దినాలు మొగని కోతలకు ఆమె ఒక్కపారి గూడ అడ్డం రాలేదు.

"ముత్యమన్నా, ఆ బండ్ల నేను గూడ ఉన్న. కదిలితే ఒక్క బొమ్మ రాలేదు. ఆపినంక గూడ గాలికి ఛత్రి నిలవకపోతే, ఈయన బండి మీదికెక్కి రెండు చేతులతోని పట్టుకున్నడు. మా అత్త సూసినంతసేపు ఎండల నిలబడ్డడు. గది నిజం."

జయరాజ్ తల వంచిండు. "అవునన్నా, నడిస్తే రాదు. అబద్ధమాడిన."

ముత్యం అడిగిండు: "ఆగితే వస్తదిగద?"

"వస్తది."

"ఆడాడ ఆగుకుంటనే పోదాం. ఆరింటికి రా."

పట్నం తొవ్వల నాలుగు జాగల బండి ఆగింది. నాలుగుపార్లు జయరాజ్ బండి మీదికెక్కి ఛత్రి పట్టిండు. మల్ల ఎప్పుడు ఆపుతరా అని సూస్కుంట, ఈరవ్వ తల గూడ ఎత్తకుంట దవాఖాన చేరింది.

తెల్లారి హోటల్ల నర్సన్న కుర్చీ దగ్గరికి జరుపుకున్నడు. "చెప్పు జయరాజ్, ఎట్ల వచ్చింది బొమ్మ?"

"ఆగితే వచ్చింది," అన్నడు జయరాజ్.

మిగిలిన ముచ్చట కోసం అందరూ సూసిండ్రు. ఆయన ఛాయ్ తాగుడు మొదలువెట్టిండు.